టమియా 1/24 మోరిస్ మినీ కూపర్ 1275ఎస్: అచ్చు పాతదే, కారు మాత్రం అచ్చంగా దిగింది

ముందే చెప్పేస్తున్నాను, ముక్కలు అతికించి కారు చేసుకునే ఈ కిట్ కళ్ళు మూసుకుని కొనొచ్చు. పాత కార్ల స్కేల్ మోడల్స్ చెయ్యాలని ఆశ ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వాళ్ళకీ, ఇప్పటికే కొన్ని చేసి ఇక డీటెయిలింగ్ సంగతి చూద్దామనుకునే వాళ్ళకీ నేను మొదట చెప్పే పేరు జపాన్ మోడల్ కంపెనీ టమియా వాళ్ళ 1/24 మోరిస్ మినీ కూపర్ 1275ఎస్ మార్క్ 1, కిట్ నంబర్ 24039. అచ్చు 1980ల నాటిది. ఈ మధ్య వస్తున్న కిట్లలాగా ఫొటో ఎచ్ ముక్కలూ (పలచటి లోహపు రేకుతో చేసినవి) హంగులూ ఏమీ ఉండవు, తలుపులు తెరుచుకోవు. బానెట్ మాత్రం తెరుచుకుంటుంది, కింద ఇంజిన్ ఉంటుంది. ఇన్నేళ్ళుగా అదే డబ్బా మళ్ళీ మళ్ళీ షాపుల్లోకి వస్తూనే ఉందంటే నాకు కనిపించే కారణం ఒకటే, మినీ ఆకారాన్ని వీళ్ళు సరిగ్గా పట్టుకున్నారు.

ఆ పట్టుకోవడం తేలిక పని కాదు. అసలు కారే పది అడుగుల పొడవు, అంటే 3.05 మీటర్లు. ఇరవై నాలుగో వంతుకి కుదిస్తే పదమూడు సెంటీమీటర్లు కూడా రాదు, అరచేతిలో పట్టేస్తుంది. అంత చిన్నదాంట్లో అర మిల్లీమీటరు తేడా వచ్చిందంటే అసలు కారులో పన్నెండు మిల్లీమీటర్ల తేడా అన్నమాట. రూఫ్ అంత పైకి లేచినా, హెడ్‌లైట్లు అంత పక్కకి జరిగినా మొహం మారిపోతుంది, ఎందుకంటే ఈ కారుకి ఉన్నదంతా ఆ మొహమే. ఈ కిట్ బాడీని డబ్బాలోంచి తీసి ఏ పనీ మొదలుపెట్టకుండా కళ్ళకి సమాన ఎత్తులో పట్టుకుని ముందు నుంచి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది. ఫెండర్ల గుండ్రం, వాటి మధ్య బానెట్ చేసే వంపు, కిందకి దిగిన గ్రిల్, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. టమియా వాళ్ళకి ఈ పట్టుదల మొదటి నుంచీ ఉంది. 1970ల్లో 1/12 పోర్షే 934 చేసేటప్పుడు కంపెనీ కుటుంబానికి చెందిన షున్‌సాకు టమియా ఏకంగా ఒక పోర్షే 911 కొని దాన్ని విప్పించి చూశారన్నది ఈ హాబీలో అందరికీ తెలిసిన సంగతే.

కారు గురించి కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ మోడల్‌లో ఎక్కడ టైమ్ పెట్టాలో అసలు కారు కథే చెబుతుంది. 1956 సూయజ్ సంక్షోభంతో బ్రిటన్‌లో పెట్రోల్‌కి రేషన్ వచ్చింది. కార్ల కంపెనీ బీఎమ్‌సీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) అధినేత లియొనార్డ్ లార్డ్, పెట్రోల్ తక్కువ తాగే నిజమైన చిన్న కారు కావాలని డిజైనర్ అలెక్ ఇసిగోనిస్‌కి పని అప్పగించాడు. 1959 ఆగస్టులో మినీ బయటికొచ్చింది. ఇంజిన్‌ని అడ్డంగా తిప్పి పెట్టి, గేర్‌బాక్స్‌ని దాని కింద సంప్‌లోకి తోసి, చక్రాలు పది అంగుళాలకి తగ్గించి, ఉన్న చోటులో ఎక్కువ భాగం మనుషులకీ సామానుకీ వదిలేశారు. ఆ తర్వాత ఫార్ములా వన్ కార్లు కట్టే జాన్ కూపర్ దీన్ని చూసి ఇది పరిగెత్తే బండి అని పసిగట్టాడు. 1961లో కూపర్, 1963లో కూపర్ ఎస్, 1964లో ఈ కిట్‌లో ఉన్న 1275 సీసీ. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన అంబాసడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ కూడా బీఎమ్‌సీ ఇంటిదే, అది బీ-సిరీస్, మినీది ఏ-సిరీస్. అందుకే పాత అంబాసడర్ బానెట్ కింద తల పెట్టి చూసిన వాళ్ళకి ఈ చిన్న ఇంజిన్ ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

ఇక మోడల్ విషయానికొస్తే, నా లెక్కలో ఈ కిట్ అందం మూడు చోట్ల ఉంది: పెయింట్, క్రోమ్, బానెట్ కింద ముందు వైపు. డబ్బూ ఓపికా ఈ మూడిటి మీద పెట్టండి. మిగతావి డబ్బాలో ఎలా ఉన్నాయో అలా చేసినా కారు బాగుంటుంది.

పెయింట్ కంటే ముందు బాడీ మీద ఉన్న ఒక విషయం చూడాలి. మినీలో రేకులు కలిసే అంచుల్ని లోపలికి కాకుండా బయటికి మడిచి వెల్డింగ్ చేశారు. దాంతో ముందు ఫెండర్‌కీ తలుపుకీ మధ్య, వెనక పిల్లర్ పక్కన, పై నుంచి కింద దాకా సన్నటి గట్టులాంటి గీత బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తుంది. తలుపు కబ్జాలు కూడా బయటే. ఇవి లేకపోతే మార్క్ 1 మినీ లేదు. కిట్‌లో ఈ గట్లు చక్కగా వచ్చాయి, కానీ ఎంత సన్నగా ఉన్నాయంటే వాటర్ పేపర్ కాస్త గట్టిగా తగిలితే అరిగిపోతాయి. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట పడే గీతని మాత్రం తప్పకుండా తీసెయ్యాలి. అది మామూలుగా ఫెండర్ల మీదుగా, రూఫ్ మూలల మీదుగా పోతుంది, అసలు గట్టు పక్కనే ఉంటే రెండింటినీ ఒకటనుకునే ప్రమాదం ఉంది. అందుకే ముందు నిజం కారు ఫొటోలు పక్కన పెట్టుకోండి, ఏది కారుదో ఏది అచ్చుదో తేల్చుకోండి, అసలు గట్టు మీద సన్నటి మాస్కింగ్ టేపు అతికించి ఆ తర్వాతే 800, 1000 నంబర్ పేపర్లతో పక్కన గీత తీయండి. ప్యానెల్ లైన్లని కూడా పెయింట్‌కి ముందే ఒకసారి స్క్రైబర్‌తో లోతు చేసుకుంటే మంచిది, లేకపోతే ప్రైమర్ (రంగు కింది పూత), రంగు, క్లియర్ (రంగు పైన వేసే రంగులేని మెరుపు పూత) అన్నీ పడ్డాక తలుపు గీత పూడిపోయి బాడీ సబ్బు ముక్కలా నున్నగా కనిపిస్తుంది.

పెయింట్ మందం గురించి ఒక లెక్క చెబుతాను. మోడల్ మీద 0.1 మిల్లీమీటరు పొర పడితే అసలు కారు మీద 2.4 మిల్లీమీటర్ల పొర పడినట్టు. నిజం కారు మీద మొత్తం రంగు మందమే దాదాపు 0.1 మిల్లీమీటరు ఉంటుంది. అందుకే మోడల్‌కి పెయింట్ ఎంత పలచగా పడితే అంత నిజంగా కనిపిస్తుంది. ఒకే దెబ్బకి తడితడిగా కొట్టేసి మెరుపు తెప్పించాలన్న ఆత్రం వద్దు. దూరం నుంచి పొగ మంచు పడ్డట్టు రెండు మూడు కోట్లు, ఆరాక ఒక మాదిరి తడి కోటు, అంతే చాలు.

నేను ఎర్ర బాడీ, తెల్ల రూఫ్ ఎంచుకున్నాను. బీఎమ్‌సీ ర్యాలీ టీమ్ కార్ల రంగు అదే, టార్టన్ రెడ్ మీద ఓల్డ్ ఇంగ్లిష్ వైట్. రూఫ్‌కి స్వచ్ఛమైన తెలుపు వెయ్యకండి, తేలిపోతుంది. టమియా రేసింగ్ వైట్, స్ప్రే క్యాన్ అయితే టీఎస్-7, సీసా అయితే ఎల్‌పీ-39, కాస్త మీగడ రంగులో ఉంటుంది, ఈ కారుకి అదే సరిపోయింది. బాడీకి ఇటాలియన్ రెడ్ వేశాను, స్ప్రేలో టీఎస్-8, సీసాలో ఎల్‌పీ-21. మక్కీకి మక్కీ టార్టన్ రెడ్ కాదు గానీ స్కేల్ చిన్నదయ్యే కొద్దీ రంగు ఒక మెట్టు తేలికగా ఉంటేనే కంటికి బాగుంటుందని నా అభిప్రాయం. ఎరుపు కింద బూడిద రంగు ప్రైమర్ వేస్తే ఎరుపు చచ్చిపోతుంది, ఎన్ని కోట్లు వేసినా ఇటుక రంగు వైపే లాగుతుంది. తెల్ల ప్రైమర్ గానీ పింక్ ప్రైమర్ గానీ వెయ్యండి. ఇంకో ముఖ్యమైన మాట, తెలుపు ముందు వేసి, బాగా ఆరాక రూఫ్ మీద టేపు వేసి, ఆ తర్వాత ఎరుపు కొట్టాలి. ఎరుపు మీద తెలుపు కొడితే కింద నుంచి ఎరుపు ఊరి పైకొచ్చి రూఫ్ గులాబీ రంగు తిరిగే అవకాశం ఉంది. టేపు అంచు రూఫ్ కింద నీళ్ళు జారే గాడి దగ్గర సరిగ్గా ఆపాలి. గోటితో కాకుండా టూత్‌పిక్ మొనతో టేపు అంచుని నొక్కి, ఆ అంచు మీద మళ్ళీ ఒకసారి పలచగా తెలుపే కొట్టండి. టేపు కింద ఏదైనా సందు ఉంటే తెలుపే దాన్ని పూడుస్తుంది, ఎరుపు లోపలికి దూరదు. టేపు తీశాక వచ్చే ఆ గీత చూస్తే కడుపు నిండిపోతుంది.

మన వాతావరణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే జపాన్ వాళ్ళూ ఇంగ్లండ్ వాళ్ళూ చేసే వీడియోల్లో మన బాధ ఉండదు. మా కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో వానాకాలం గాలిలో ఉండే చెమ్మకి లాకర్ పెయింట్ (ఘాటు థిన్నర్‌తో వేగంగా ఆరే రంగు) కొట్టగానే తెల్లగా పాలు పోసినట్టు మసక కడుతుంది. థిన్నర్ వేగంగా ఎగిరిపోతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద పేరుకుంటుంది, అదే మసక. ఉదయం పూట కంటే ఎండ బాగా పడ్డ మధ్యాహ్నం గాలిలో చెమ్మ తక్కువ, అప్పుడు కొట్టండి. ఎయిర్‌బ్రష్ వాడే వాళ్ళు రిటార్డర్ కలిసిన లాకర్ థిన్నర్ వాడితే ఆరడం నెమ్మదిస్తుంది, మసక తగ్గుతుంది, పైగా ఎండాకాలంలో పెయింట్ గాల్లోనే ఆరిపోయి ఇసుక రాలినట్టు గరుకుగా పడే సమస్య కూడా తగ్గుతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్‌ని మాత్రం ఎయిర్‌బ్రష్ కడుక్కోవడానికే ఉంచండి, అది ఘాటైనది, ప్లాస్టిక్‌ని తినేసి సన్నటి పగుళ్ళు తెప్పించవచ్చు. గుడ్డ మాస్క్ ఈ ఆవిర్లకి ఏమాత్రం పనికిరాదు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కొనండి, కిటికీ తెరవండి. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఈ పని డాబా మీద పెట్టుకోవడం మేలు. కొట్టిన బాడీని వెంటనే పెద్ద మూత డబ్బా కింద పెట్టేస్తే దుమ్ము పడదు.

క్లియర్ కోటు ఆరాక పాలిష్. బాగా ఆరనివ్వండి, దగ్గరికి తీసుకుంటే ఇంకా థిన్నర్ వాసన వస్తోందంటే ఆరనట్టే. 2000 నంబర్ పేపర్ నీళ్ళలో ముంచి నెమ్మదిగా తోమి, తర్వాత టమియా కాంపౌండ్లు కోర్స్, ఫైన్, ఫినిష్ వరసగా రుద్దితే రూఫ్‌లో ట్యూబ్‌లైట్ గీత వంకర లేకుండా కనిపిస్తుంది. కార్ల షాపుల్లో దొరికే రబ్బింగ్ కాంపౌండ్ దీనికి గరుకు. ఇందాక చెప్పిన గట్లు గుర్తున్నాయి కదా, పాలిష్ చేసేటప్పుడు మళ్ళీ వాటి మీద టేపు వెయ్యాలి, కబ్జాల మీద కూడా. ఎత్తుగా ఉన్న అంచు దగ్గర పెయింట్ పొర ఎప్పుడూ పలచగానే ఉంటుంది, రెండు రుద్దులకే కింద ప్రైమర్ బయటపడుతుంది. ఆ తర్వాత ప్యానెల్ గీతల్లోకి ఎనామెల్ ప్యానెల్ లైనర్, అంటే గీతల వెంట దానంతటదే పాకే పలచటి రంగు. ఎర్ర బాడీకి నలుపు వద్దు, బొమ్మ గీసినట్టు ఉంటుంది, ముదురు గోధుమ రంగు వాడండి. లాకర్ మీద ఎనామెల్ థిన్నర్ ఏమీ చెయ్యదు కాబట్టి పక్కకి పాకినది తుడిచెయ్యొచ్చు. కానీ రంగు పడని ప్లాస్టిక్ మీద అది నిలిచిపోతే ముక్క పెళుసెక్కి పగులుతుంది, కాబట్టి లోపల వైపు కారనివ్వకండి.

క్రోమ్ సంగతి. బంపర్లు, గ్రిల్ లాంటివి క్రోమ్ పూతతో వస్తాయి. ఆ పూత బాగానే మెరుస్తుంది, కాకపోతే ఏ కంపెనీ కిట్‌లోనైనా సరే ఇలాంటి భాగాల్ని స్ప్రూ (ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కోసిన చోట పూత పోయి మచ్చ మిగులుతుంది, అచ్చు గీత ఉంటే దాన్ని రాయడానికీ వీలుండదు. రెండు దారులున్నాయి. ఒకటి, కోసిన మచ్చ మీద మోలోటో లిక్విడ్ క్రోమ్ పెన్నుతో చుక్క పెట్టి వదిలెయ్యడం. మొదటి బిల్డ్‌కి ఇది చాలు. రెండోది, ఆ ముక్కల్ని బ్లీచ్‌లో నానబెట్టి పూత మొత్తం తీసేసి, అచ్చు గీతలు రాసి, మెరిసే నలుపు వేసి, దాని మీద క్రోమ్ పెయింట్ కొట్టడం. నేను బంపర్లకి రెండోది చేశాను. కిట్ క్రోమ్ అద్దంలా ఉంటుంది, 1960ల బంపర్ మీద క్రోమ్‌కి కొంచెం బరువు ఉంటుంది, వెలుగు కాస్త నల్లగా తిరుగుతుంది. నలుపు మీద వేసిన క్రోమ్‌లో ఆ బరువు వచ్చింది. గ్రిల్‌కి మాత్రం అంత అక్కర్లేదు. ఉన్న పూత మీదే నల్ల ప్యానెల్ లైనర్ పారించి, పైకి లేచిన కడ్డీల్ని ఆరే లోపు కాటన్ బడ్‌తో తుడిచెయ్యండి, వెనక చీకటి, ముందు కడ్డీలు, నిజం గ్రిల్‌లాగే లోతు వచ్చేస్తుంది. కిటికీల చుట్టూ రబ్బరు నల్లగా ఉండాలి, నున్నగా మెరిసే నలుపు కాదు, సెమీ గ్లాస్. మెరిసే పట్టీలు ఎక్కడెక్కడ ఉన్నాయో మీరు చేసే కారు ఫొటోలు చూసి అక్కడ మాత్రమే బేర్ మెటల్ ఫాయిల్ (జిగురున్న పలచటి మెరుపు రేకు) అతికించండి, కొత్త బ్లేడుతో కోయండి. బ్లేడు మొద్దుబారితే ఫాయిల్ చిరుగుతుంది.

బానెట్ కింద భాగం నాకు ఈ కిట్‌లో అన్నిటికంటే ఇష్టమైనది. మినీలో ఇంజిన్ అడ్డంగా ఉండటం వల్ల కార్బురేటర్లు క్యాబిన్ వైపు వెళ్ళిపోయాయి, స్పార్క్ ప్లగ్గులూ డిస్ట్రిబ్యూటరూ గ్రిల్ వెనకే ముందుకొచ్చేశాయి. అసలు కార్లకి ఇది తలనొప్పే అయ్యింది, వానలో గ్రిల్ లోంచి నీళ్ళు నేరుగా డిస్ట్రిబ్యూటర్ మీద పడి బండి ఆగిపోయేది. మోడల్ చేసే మనకి మాత్రం ఇది వరం, బానెట్ ఎత్తగానే మొదట కంటపడేది ఆ వైర్లే కాబట్టి. కిట్‌లో ప్లగ్ వైర్లు ఉండవు, మనమే వెయ్యాలి. అసలు వైరు మందం దాదాపు 7 మిల్లీమీటర్లు, అంటే ఇక్కడ 0.3 మిల్లీమీటర్లు. పాత ఇయర్‌ఫోన్ వైరు కోస్తే లోపల అంత సన్నటి పోగులు దొరుకుతాయి. డిస్ట్రిబ్యూటర్ మూత మీద 0.3 బిట్‌తో చేతి డ్రిల్ పట్టుకుని చుట్టూ నాలుగు, మధ్యలో కాయిల్ వైరుకి ఒకటి, మొత్తం ఐదు చిల్లులు. డ్రిల్ పెట్టే ముందు సూది మొనతో చుక్క గుచ్చుకోండి, లేకపోతే బిట్ జారి పక్క చిల్లులో కలిసిపోతుంది. ఏ-సిరీస్ ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, డిస్ట్రిబ్యూటర్ తిరిగేది గడియారానికి ఎదురు దిశలో. ఆ వరస ప్రకారమే వైర్లు వేస్తే రెండు వైర్లు ఒకదాని మీద ఒకటి దాటుకుంటూ పోతాయి, చూడ్డానికి నిజం ఇంజిన్‌లా ఉంటుంది. సమానంగా దువ్వినట్టు పక్కపక్కన పెడితే చూసేవాళ్ళకి ఎందుకో తెలియకపోయినా ఏదో తేడాగా ఉందనిపిస్తుంది.

ఇంజిన్‌కి వెండి రంగు కొట్టేసి వదిలెయ్యకండి, బ్లాక్‌ది ముదురు ఆకుపచ్చ. కార్బురేటర్లు ఎస్‌యూ కంపెనీవి, జంటగా ఉంటాయి, వాటి మీద గిన్నె బోర్లించినట్టున్న డ్యాష్‌పాట్లకి మాత్రం మెరిసే అల్యూమినియం రంగు పెట్టండి. రేడియేటర్ ముందు గ్రిల్ వెనక కాకుండా ఎడమ పక్కకి, చక్రం వైపు తిరిగి ఉంటుంది, ఫ్యాన్ గాలిని చక్రం గూట్లోకి నెడుతుంది. బ్యాటరీ కోసం వెతక్కండి, అది డిక్కీలో ఉంటుంది. బ్యాటరీ లేదే అని వేరే కిట్‌లోది తెచ్చి ఇంజిన్ పక్కన అతికించిన మోడల్స్ చూశాను, అంత కష్టపడి చేసిన పనికి అదొక్కటి వెలితి. బ్రేక్, క్లచ్ సిలిండర్ల నుంచి పోయే పైపులు సన్నటి రాగి తీగతో వేస్తే చాలు, రంగు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత ముదురు గోధుమ రంగు వాష్ (బాగా పలచన చేసిన రంగు) ఒక్కసారి పారించండి. మరీ మడ్డి పట్టించకండి, ఇది ముస్తాబైన కారు, గ్యారేజీలో పడేసిన బండి కాదు.

లోపల సీట్లూ డ్యాష్‌బోర్డూ సాదాగానే ఉన్నాయి. మధ్యలో కోడిగుడ్డు ఆకారపు మీటర్ల గూడు ఈ కారుకి ప్రాణం, నడుమ స్పీడోమీటర్, ఒక పక్క ఆయిల్ ప్రెషర్, ఇంకో పక్క నీళ్ళ ఉష్ణోగ్రత. మీటర్ల మొహాల మీద ఒక్కో చుక్క క్లియర్ పెయింట్ పెడితే గాజు వచ్చేస్తుంది. నేను అదనంగా చేసింది తలుపు లోపలి తాడు. మార్క్ 1 మినీలో తలుపు తియ్యడానికి లోపల హ్యాండిల్ బదులు అడ్డంగా ఒక తాడులాంటి తీగ ఉండేది, దాన్ని లాగితే తలుపు తెరుచుకునేది. నల్ల కుట్టు దారం ముక్క తీసుకుని, నూగు లేవకుండా జిగురు వేళ్ళతో ఒకసారి నిమిరి, రెండు చివర్లా సన్నటి చిల్లుల్లో దూర్చాను. కిటికీలోంచి తొంగి చూస్తే కనిపిస్తుంది, మినీ తెలిసిన వాళ్ళు వెంటనే గుర్తుపడతారు. గాజు ముక్కలకి మాత్రం ఇన్‌స్టంట్ గమ్ వాడకండి, దాని ఆవిరికి గాజు తెల్లబారుతుంది. తెల్ల జిగురు చాలు, ఆరితే కనపడదు, తప్పు పడితే తడి గుడ్డతో తుడిచెయ్యొచ్చు.

ఫొటో ఎచ్ సెట్ కొనాలా అని చాలామంది అడుగుతారు. ఈ కిట్‌కి వద్దంటాను. ఆ సెట్ల ఖరీదు ఒక్కోసారి కిట్‌కి దగ్గరదగ్గర ఉంటుంది, అందులో వైపర్లూ బ్యాడ్జీలూ తప్ప మిగతావి అతికించాక బయటికి కనపడవు. ఆ డబ్బుతో మంచి నిప్పర్ (ముక్కలు కోసే కటింగ్ ప్లేయర్), 0.3 డ్రిల్ బిట్లు, పింక్ ప్రైమర్ కొనుక్కోండి, ఈ కారు తర్వాత పది కార్లకి పనికొస్తాయి. వైపర్ల మందం కంటికి ఇబ్బందిగా ఉంటే వెనక వైపు నుంచి రాసి పలచన చేసుకోవచ్చు.

ర్యాలీ కారుగా చేద్దామనుకునే వాళ్ళకి ఒక హెచ్చరిక. మాంటె కార్లో ర్యాలీలో మినీ 1964లో ప్యాడీ హాప్‌కిర్క్ చేతిలో, 1965లో టిమో మాకినెన్ చేతిలో, 1967లో రౌనో ఆల్టొనెన్ చేతిలో గెలిచింది. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలవే, కానీ హెడ్‌లైట్ల నిబంధన పేరుతో మూడింటినీ పక్కన పెట్టి సిట్రొయెన్‌కి టైటిల్ ఇచ్చేశారు, ఇప్పటికీ మినీ అభిమానులకి అది మానని పుండే. ఇందులో హాప్‌కిర్క్ కారు, 33 ఈజేబీ నంబర్ ప్లేటుది, 1071 సీసీ ఎస్. కాబట్టి ఈ 1275 కిట్ మీద ఆ నంబర్ వేస్తే చరిత్ర తెలిసినవాళ్ళు పట్టుకుంటారు. మాకినెన్ కారు చేస్తే ఇంజిన్ లెక్క సరిపోతుంది. నేను నంబర్లూ స్టిక్కర్లూ లేకుండా రోడ్డు కారుగానే చేశాను, ఆ ఎరుపు మీద ఇంకేమీ లేకపోవడమే నాకు బాగుంది.

కొనడం గురించి. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటి కిట్లు పెట్టే షాపులు చాలా తక్కువ, ఎక్కువమందికి ఆన్‌లైనే దిక్కు. జపాన్‌లో ధర చూసి మురిసిపోకండి, షిప్పింగ్, కస్టమ్స్ కలిపాకే అసలు ధర. స్ప్రే క్యాన్లు విమానంలో రావు, కాబట్టి ఇక్కడ స్టాక్ ఉన్న వాళ్ళ దగ్గరే కొనాలి. అవి దొరకని వాళ్ళు ఒక మామూలు ఎయిర్‌బ్రష్, చిన్న కంప్రెసర్ మీద ఖర్చు పెడితే రెండు మూడు కార్లకే గిట్టుబాటవుతుంది. నాకు పంపిన ఆన్‌లైన్ షాపు వాళ్ళు డబ్బా చుట్టూ ఒక్క పొర బబుల్ ర్యాప్ చుట్టి పంపారు, మూల నలిగి వచ్చింది, లోపల బాడీకి ఏమీ కాకపోవడం అదృష్టం. ఆర్డర్ పెట్టేటప్పుడే అట్టపెట్టెలో అట్టపెట్టె పెట్టి పంపమని మెసేజ్ చెయ్యండి, వచ్చాక డబ్బా తెరుస్తూ వీడియో తీసుకోండి, స్ప్రూలన్నీ సూచనల కాగితంతో సరిచూసుకోండి.

డబ్బా తెరిచిన రోజే ఇంకో పని కూడా చెయ్యాలి. టైర్లని వేరే కవర్‌లో వేసి పక్కన పెట్టండి. ఇలాంటి మెత్తటి వినైల్ టైర్లు ఏళ్ళ తరబడి ప్లాస్టిక్‌ని ఆనుకుని ఉంటే అందులోని నూనె పదార్థం ఊరి తగిలిన చోటల్లా కరిగిస్తుంది, మన వేడికి ఇంకా త్వరగా. గాజు ముక్క మీద టైరు అచ్చు పడిందంటే ఇక ఏ పాలిష్‌కీ పోదు. బిగించే రోజు టైరు అంచుని 400 నంబర్ పేపర్ మీద ఒకసారి దొర్లిస్తే ఆ కొత్త మెరుపు పోయి రోడ్డెక్కిన రబ్బరులా కనిపిస్తుంది.